మడ అడవిలో ఎవరి వాటా ఎంత?

(పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, పూరీ గేట్ ప్రాంతపు తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ పత్రాలను తెనిగించడం నా వృత్తి. మడ అడవుల పునరుద్ధరణను గూర్చిన పత్రాలలో 'లాభార్థీ' అనే మాట తరచు కనిపిస్తుంది. దానిని 'లబ్ధిదారు' అంటున్నాము. అవే పత్రాలలో 'సహభాగితా' అనే మాట కూడా ఉంటుంది, అది 'భాగస్వామ్యం'. లబ్ధిదారు ఇచ్చినది పుచ్చుకొంటాడు. భాగస్వామి తన వాటా అడుగుతాడు. ఈ రెంటి నడుమ గల దూరాన్ని గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచాను.

2021 మే 26న యాస్ తుఫానులో దీఘా వీధులలోనికి సముద్రం వచ్చిన సంగతి మీరెరుగుదురు. మడచెట్ల వేళ్లు అలల ఉధృతిని తగ్గిస్తాయి. చేపపిల్లలకు, పీతలకు ఆశ్రయమిస్తాయి. ఆ బురద నేల కర్బనాన్ని తరతరాలు దాచుకొంటుంది.

మన గోదావరి ముఖాన కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది. అభయారణ్యమన్న తరువాత నిషేధాలు తప్పవు. వంటచెరకుకు, పశువుల మేతకు, వేటకు ఆ మడనే నమ్ముకొన్న గ్రామాలకు అవి చిన్న విషయం కాదు. 1990 దశకం చివరి సంవత్సరాలలో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, రాష్ట్ర అటవీశాఖ గోదావరి, కృష్ణా డెల్టాలలో గ్రామ సంఘాలను కలుపుకొని పని సాగించాయి. చెట్లు నశించిన చోట నేల క్రుంగి, పోటు నీరు నిలిచి, ఎండకు ఇగిరి, ఉప్పు పేరుకొంటుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా బ్రతుకవు. అందుచేత చేపముల్లు ఆకారంలో, నడుమ పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు త్రవ్వారు. పోటుపాట్ల నీరు వచ్చిపోవడం మొదలైన పిదపనే మొక్కలు నాటారు. ఏ మేట మీద నీరెంతసేపు నిలుస్తుందో వల వేసేవానికంటె బాగుగా ఎరిగినవారెవరు?

ఇక కార్బన్ క్రెడిట్ల మాట. ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు ఒక క్రెడిట్. సుందర్బన్స్‌లో 2009 నాటి ఐలా తుఫాను తరువాత, ఐరోపా కంపెనీల పెట్టుబడితో గ్రామ స్త్రీలు మడమొక్కలు నాటారు. క్రెడిట్లు కంపెనీలవి, కూలి, కరకట్టకు రక్షణ, చేపల వృద్ధి గ్రామాలవి. ఇది అన్యాయమని నేననను, ముందుగా సొమ్ము పెట్టినవారు వారే. కాని ఇటువంటి ఒప్పందాలు ఇరవై ఏండ్ల పాటు నడుస్తాయి. ఈనాడు పుట్టిన బిడ్డ రేపు పీతల వేటకు పోవలసిన మేట అందులో చేరిందో లేదో తల్లిదండ్రులకు ముందే తెలియాలి కదా!

కెన్యాలో గాజీ అఖాతం వద్ద 2013లో 'మికోకో పమోజా' మొదలైంది. ఆ స్వాహిలీ మాటలకు 'మడచెట్లు, అందరమూ కలిసి' అని అర్థం. విస్తీర్ణం 117 హెక్టార్లే. అయినా క్రెడిట్ల సొమ్ము మంచినీటికి, బడి పుస్తకాలకు వెచ్చించారు. ఏ పనికో తేల్చుకొన్నది గ్రామస్థులే.

మన దేశంలో 2023 జూన్ 5న 'మిష్టీ' పథకం ప్రారంభమైంది. (బెంగాలీ మిత్రులకు ఆ పేరు వింటేనే నోరూరుతుంది!) స్వగ్రామాలు తీరంలో ఉన్నవారు మీలో ఎందరో ఉన్నారు. ఒప్పంద పత్రం ఊరికి వచ్చినపుడు దానిని తెలుగులో గ్రామసభలో చదివి వినిపించమనండి. వేటకు ఏ కాలువలు తెరచి ఉంటాయి, క్రెడిట్ సొమ్ములో ఊరి వాటా ఎంత, తుఫానుకు మొక్కలు పోతే నష్టం ఎవరిది? ఈ మూడింటికీ జవాబు వ్రాతమూలకంగా రాబట్టిన తరువాతనే వేలిముద్ర వేయమని మీవారికి ఉత్తరం వ్రాయండి.