పంచెకట్టు పందిటిలో సీసా యేల?



నేను కొత్తపేటవాడను. గౌతమీ వసిష్ఠల నడుమ, కొబ్బరితోటల నీడలో పుట్టి, పెరిగి, ముసలివాడనైతిని. ఈ పూట మీతో ముచ్చటింపదలచినది మన యిండ్లలోని వేడుకలను గూర్చి. మగపిల్లవానికి పంచెకట్టు, ఆడుపిల్లకు ఓణీల పండుగ. పిల్లలు పెద్దవారగుచున్నారని నలుగురి యెదుట చెప్పు శుభకార్యములివి. ఇట్టి శుభకార్యముల పందిళ్ళలోనికి ఇటీవల మద్యము ప్రవేశించినది. దానిని వెలుపలికి పంపవలసిన భారము ముందుగా మనవంటి పెద్దలదని మనవి చేయుటకే నేడు వచ్చితిని.

నీతి చెప్పబోవువాడు మొదట తన తప్పు చెప్పుకొనవలెను. కావున నా యింటి కథతోనే మొదలిడెదను.

కొన్ని యేండ్ల క్రిందట నా మనుమనికి పంచెకట్టు చేసితిమి. వానికప్పుడు పదునైదేండ్లు. మేనమామలు పట్టుపంచెలు తెచ్చిరి. వాకిట తాటాకు పందిరి, మామిడి తోరణములు, సన్నాయి మేళము. పిల్లవానికి నలుగుపెట్టి, తలంటి, పీటమీద కూర్చుండబెట్టి, ముత్తైదువలు అక్షతలు వేసి హారతి పట్టిరి. అంతవరకును అంతయు చక్కగనే జరిగినది.

అయితే అంతకు వారము ముందు మా వియ్యంకుడుగారు నన్ను ప్రక్కకు పిలిచి, “మందు లేకపోతే మగాళ్ళెవరూ ఆగరండి బావగారూ. తరవాత మాట పడాల్సొస్తుంది” అనిరి. నేను త్రాగువాడను కాను. అయినను నలుగురిలో పలుచనగుదునేమో యను భయమునకు లొంగి, “మీ యిష్టమండి. పెరటి వైపు ఎక్కడో, ఆడవాళ్ళ కంటబడకుండా చూసుకోండి” అంటిని. ఆ మాటతో పెరటి కొబ్బరితోటలో మఱియొక చిన్న పందిరి వెలసినది.

దీపములు పెట్టువేళకు పిల్లవాడు కనబడలేదు. వెదుకగా వెదుకగా తోట చివర బోదె గట్టున కూలబడి యుండెను. క్రొత్త పట్టుపంచె బురదలోను వాంతిలోను తడిసి యున్నది. వరుసకు అన్నయగు యువకుడొకడు, “ఇంక పెద్దోడివైపోయావురా” అని సీసా చేతికిచ్చెనట. నేను వానిని లేవనెత్తి కూర్చుండబెట్టగా, నా ముఖము వంక చూచి, “తాతయ్యా, పంచె కట్టారుగా! నేను పెద్దోణ్ణేగా?” అని యడిగెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయినది. ఆ రాత్రి వానిని మోటారుసైకిలుపై కాలువగట్టు వెంట త్రిప్పుటకు ఇద్దరు ముగ్గురు స్నేహితులు సిద్ధముగ నుండిరని మఱునాడు తెలిసినది. మన కాలువగట్లు రాత్రివేళ యెట్లుండునో మీ రెఱుగుదురు. బోదె గట్టున కూలబడుటయే వాని యదృష్టమని యనుకొంటిని.

తరువాత చాల దినములు ఆలోచించితిని. పిల్లవాడు మా మాటను అపార్థము చేసికొనలేదు. సరిగానే అర్థము చేసికొన్నాడు. వాకిటి పందిటిలో నీవు పెద్దవాడవైతివని అక్షతలు వేసితిమి. పెద్దవారు చేయు పని యేదో పెరటి పందిటిలో చూపితిమి. వాడు రెండింటిని కలిపి లెక్కకట్టినాడు. చాటున జరుపుచున్నాము గదా, పిల్లలకు తెలియదని మన మనుకొందుము. చాటున జరుగు పనిపైననే పిల్లలకు చూపెక్కువ.

ఇది మన యాచారమేనా యని యడుగువారు కలరు. ఆచారములో నేమేమి కలవో ఒక్కసారి తలచి చూడుడు. ఈడేరిన పిల్లను చాపమీద కూర్చుండబెట్టుట, నువ్వులు బెల్లము దంచిన చిమ్మిలి తినిపించుట, మేనమామ చీర తెచ్చుట, పేరంటాండ్రు పాటలు పాడి హారతి యిచ్చుట. మగపిల్లవానికైనచో క్రొత్త పంచె, పెద్దల దీవెన, పంక్తి భోజనము. ఇందులో సీసాకు చోటెక్కడ నున్నది? కల్లు మన సీమకు క్రొత్తది కాదు. గీతవృత్తిపై బ్రతుకు కుటుంబములను నిందించుట నా యుద్దేశము కానేకాదు. ప్రాణమునకు తెగించి చెట్టెక్కువారి శ్రమ నాకు తెలియును. నా మొఱ వేడుకకు మద్యమే మర్యాద యను క్రొత్త పద్ధతిని గూర్చి మాత్రమే. దానికి ‘మందు’ అను ముద్దుపేరు కూడ పెట్టితిమి. రోగమును కుదుర్చు వస్తువుకు చెల్లవలసిన పేరును రోగము తెచ్చు వస్తువుకు కట్టబెట్టితిమి!

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. మెక్సికో మొదలగు లాటిన్ అమెరికా దేశములలోను, అక్కడినుండి అమెరికా సంయుక్త రాష్ట్రములకు వలస పోయిన కుటుంబములలోను, ఆడుపిల్లకు పదునైదేండ్లు నిండినప్పుడు ‘కిన్సెయాన్యెరా’ యను గొప్ప వేడుక చేయుదురు. మొదట దేవాలయములో ప్రార్థన. పిమ్మట తండ్రి కూతురి కాలి సాదా చెప్పులు తీసి మడమలెత్తు చెప్పులు తన చేతులతో తొడుగును. కొన్ని కుటుంబములలో చివరి బొమ్మ యని యొక బొమ్మను చేతికిత్తురు. ఇక బాల్యము ముగిసినదని దాని భావము. తండ్రి కూతురితో మొదటి నాట్యమాడును. మన ఓణీల పండుగకు అక్కచెల్లెలువంటిదే యిది. ఆ విందులలో పెద్దలకు పోసిన మద్యము పిల్లల చేతికి జారుట అక్కడి తల్లిదండ్రులకును చింత కలిగించినది. గ్లాసులెత్తి దీవించు ఘట్టమును విడువక, అందులో ద్రాక్షరసమో ఆపిలుపండ్ల రసమో పోసి జరుపు కుటుంబములు కలవు. చూడుడు, వారు వేడుకను మానలేదు. గ్లాసులోని వస్తువును మాత్రము మార్చిరి.

వేడుకలోని దోషమును తీసివేసి వేడుకను నిలుపుకొనుట మన జిల్లాలకును క్రొత్త కాదు. మన తాతల కాలమున పెండ్లిలో భోగముమేళము లేకున్న అది పెండ్లియే కాదనెడివారు. మేళము పెట్టింపనివాడు పిసినారి యనిపించుకొనెడివాడు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారును, కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు 1904 మొదలు 1919 వరకు అధ్యక్షులుగా నున్న రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును ఆ పద్ధతిని ఎదిరించిరి. నాయుడుగారు మద్యపానమును గూడ ఖండించిరి. ఆ మేళములలో ఆడిపాడినవారిలో గొప్ప విదుషీమణులుండిరి. దోషము వారిది కాదు, వారినట్లు పిలిపించిన పెద్దమనుష్యులది. నేడు మన పెండ్లిండ్లలో ఆ మేళము లేదు. పెండ్లిండ్లకేమైన లోటు వచ్చినదా? ఒకనాడు తప్పనిసరి యనుకొన్న మర్యాద, మఱియొకనాడు తలచుటకే సిగ్గైనది. పెరటి పందిరికిని అట్టి దినము రాగలదు.

అందుకు ప్రభుత్వమే శాసనము చేయవలెనని కొందరందురు. శాసనములు రాకపోలేదు. రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించినది. 1948 అక్టోబరు 2 నాటికి మదరాసు రాష్ట్రమంతటికిని అది వ్యాపించినది. కాలక్రమమున అది పోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాకొట్టుపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకగా 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడినది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో ఆ సంపూర్ణ నిషేధమును సడలించిరి. శాసనము ఒక ప్రభుత్వముతో వచ్చి మఱియొక ప్రభుత్వముతో పోవచ్చును. మన గడపలోపలి కట్టుబాటు మాత్రము మనము విడిచిననే పోవును.

అట్లని చట్టము పూర్తిగా ఊరకున్నదనుకొనవలదు. మన రాష్ట్రములో 21 ఏండ్లు నిండనివారికి మద్యము అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము 77వ సెక్షను ప్రకారము, 18 ఏండ్లలోపు వానికి వైద్యుని ఉత్తరువు లేక మద్యమిచ్చినవారికి ఏడేండ్లవరకు కఠినశిక్షయు, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును. ఇచ్చినవాడు దుకాణదారుడే కానక్కరలేదు. వరుసకు అన్నయైనను, మామయైనను ఒక్కటే. ఆనాడు మా పెరటిలో జరిగినది ముద్దుముచ్చట కాదు, నేరమని నాకు తరువాత తెలిసినది.

వైద్యుల మాట యింకను ముఖ్యమైనది. మెదడులో మంచిచెడ్డలు తూచి, తొందరను అణచు భాగము ఇంచుమించు 25వ యేటివరకు ముదురుచునే యుండునట. పచ్చికుండలో నీరు పోసినట్లు, ఆ లేతదనములో మద్యము పడినచో హాని యెక్కువ. చిన్నతనమున త్రాగుట మొదలిడినవారు పెద్దయైన పిమ్మట దానికి బానిసలగుటయు నెక్కువ. ఇంత త్రాగినచో హాని లేదని చెప్పదగిన కొలత ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టముగ తెలిపినది.

ఇక నా మనుమరాలి ఓణీల పండుగ సంగతి చెప్పెదను. అది మనుమని పంచెకట్టునకు రెండేండ్ల తరువాత జరిగినది. ఈసారి నేనే ముందుగ వియ్యంకుడుగారి యింటికి పోయి, “బావగారూ, మన పిల్లవాణ్ణి బోదె గట్టు మీదనుంచి ఎత్తుకొచ్చింది నేను. ఈసారి పెరటి పందిరి వద్దండి” అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, “అడిగినవాళ్ళకి నా పేరే చెప్పండి” అనిరి. శుభలేఖలో అడుగున ఒక్క పంక్తి చేర్చితిమి: ఈ శుభకార్యమున మద్యము ఉండదు, మన్నింపగోరుచున్నాము. పండుగను ప్రొద్దుట పెట్టి, దీపాలవేళకు ముగించితిమి. వచ్చినవారికి వాకిటనే కొబ్బరిబొండములు కొట్టియిచ్చితిమి. భోజనములో పనసపొట్టుకూర, ఆత్రేయపురము పూతరేకులు. వడ్డన భారమంతయు కుఱ్ఱవాండ్రకే అప్పగించితిమి. పని యున్నవానికి పెరటివైపు పోవుటకు తీరిక యుండదు.

అందరును మెచ్చుకొన్నారని చెప్పను. ఇద్దరు బంధువులు భోజనము చేయకయే అలిగి వెళ్ళిరి. ఒకరు నేటికిని మా గడప త్రొక్కలేదు. ఆ బాధ నాకున్నది. కాని ఆడువారు సాయంకాలమువరకు నిశ్చింతగా కూర్చుండి పాటలు పాడుకొనుట చూచితిని. పెనిమిటి యే స్థితిలో లేచివచ్చునో యని మాటిమాటికి పెరటివైపు చూచు చూపులు ఆనాడు లేవు. మునుపటి వేడుకలో మద్యమునకైన వ్యయము నా లెక్కపుస్తకములో వ్రాసియే యున్నది. భోజనముల వ్యయములో మూడవవంతు. ఈసారి ఆ సొమ్మును పిల్లపేర తపాలా కచేరీలో వేసితిమి. ఆనాడు వడ్డన చేసినవారిలో నా మనుమడును ఒకడు. వాడు విస్తళ్ళ వరుస వెంట సాంబారు బకెట్టుతో తిరుగుచుండగా, ఆనాటి ప్రశ్నకు సమాధానము చెప్పగలిగితినని నాకు తోచినది.

పెద్దలారా, మీ ఊళ్ళలోను ఇట్టి వేడుకలు జరుగును. మీ మాట చెల్లు ఇండ్లలో ఈ మూడు సంగతులు చెప్పుడు. శుభలేఖలోనే మద్యము లేదని వ్రాయుడు. ముందు చెప్పినచో మాటపడు భయముండదు. వేడుకను పగటిపూట జరుపుడు. ఇద్దరు వియ్యాలవారును ఒక్క మాటమీద నిలువుడు. ఒకరు సడలినచో రెండవవారు నిలువలేరు.

మఱియొక చిన్న మనవి. పెద్దవాడైనందుకు గుర్తుగా పిల్లవానికేదో ఒకటి చేతికీయవలె ననుకొన్నచో, ఒక కొబ్బరిమొక్క ఇచ్చి వానిచేతనే నాటింపుడు, నీరు పోయింపుడు. మన దేశవాళీ కొబ్బరి కాపుకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టునని మీకు తెలియును. పదునైదవ యేట నాటినవాడు తొలికాయ కోయునాటికి ఇరువదియొకటి, ఇరువదిరెండేండ్లవాడగును. పెద్దరికము ఒక్క రాత్రిలో సీసానుండి రాదనియు, ఏండ్లతరబడి నీరు పోసి పెంచుకొనవలెననియు ఆ చెట్టే వానికి నేర్పును.

మా మనుమడు నాటిన మొక్క ఆ బోదె గట్టుననే యున్నది. ఇంకను కాపుకు రాలేదు. ఎదురుచూచుచున్నాము.