కంటికి కనిపించని జీవులు – మన పత్తి, మన మిరప, మన మందుబిళ్ళ

(సంఘ సభ్యులు, వారి కుటుంబాలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జీవకణం, సూక్ష్మజీవులు అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఫైళ్ళ మధ్య జీవితం గడిపిన గుమాస్తాకు ఈ విషయంతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. కాని ఇది పిల్లల పాఠ్యపుస్తకంలో ఎంత ఉందో, మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లోనూ, మన వంటింట్లోనూ, మన మందుల డబ్బాలోనూ అంతే ఉంది. నేను చెప్పదలచిన సారాంశం ఒక్కటే. చిన్న ప్రాణిని ఒకే ఆయుధంతో, కొలత లేకుండా కొడుతూ పోతే, చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి మిగులుతాయి. ఆపైన రాజ్యం వాటి సంతానానిదే.

ముందు జీవకణం సంగతి. 1665లో ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన బెరడు ముక్కను భూతద్దాల కింద పెట్టి చూస్తే తేనెపట్టులో గదుల్లాంటివి కనిపించాయి. వాటికి ఆయన పెట్టిన పేరే సెల్, అంటే చిన్న గది. మరి పదేళ్ళకు హాలండులో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తాను స్వయంగా అరగదీసిన కటకాలతో నీటిచుక్కలో కదలాడే సూక్ష్మజీవులను చూశాడు. అంతదాకా లోకానికి వాటి ఉనికే తెలియదు.

పిల్లలకు సులువుగా అర్థం కావాలంటే, జీవకణాన్ని ఒక ఆఫీసు అనుకోండి. చుట్టూ ఉన్న కణత్వచం గేటు దగ్గర బంట్రోతు. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని ఆపాలో చూస్తుంది. కేంద్రకం రికార్డు రూము. అందులోని డి.ఎన్.ఏ. అసలు రిజిస్టరు. దాన్ని బయటికి తీసుకుపోరు. కావలసిన పేజీకి నకలు తీసి పంపుతారు. ఆ నకలు చూసి రైబోజోములు ప్రోటీన్లు తయారుచేస్తాయి. మైటోకాండ్రియా ఖజానా. అక్కడి నుంచి చెల్లే నాణెం పేరు ఏ.టి.పి. 1929లో దాన్ని కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

మన ఒంట్లో ఇలాంటి కణాలు సుమారు 30 లక్షల కోట్లు. మన ఒంటిమీదా పేగుల్లోనూ కాపురముండే బాక్టీరియా కూడా దాదాపు అన్నే ఉంటాయని నేటి లెక్క. బాక్టీరియా ఒంటిగది ఆఫీసు. వేరే రికార్డు రూము ఉండదు. రిజిస్టరు గది మధ్యలోనే ఉంటుంది. గది చుట్టూ మాత్రం గట్టి గోడ ఉంటుంది. మన కణాలకు ఆ గోడ లేదు. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకోండి, మందుబిళ్ళ దగ్గర పనికొస్తుంది.

ఇక వాటి పెరుగుదల. అనుకూలమైన తిండి, వేడి ఉంటే కొన్ని బాక్టీరియాలు 20 నిమిషాలకొకసారి రెండుగా చీలతాయి. చక్రవడ్డీ లెక్క మనకు కొత్త కాదు. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. ఏడు గంటల్లో 21 సార్లు రెట్టింపైతే ఆ ఒక్కటీ 20,97,152 అవుతుంది. రాత్రి తోడువేసిన పాలు తెల్లారేసరికి పెరుగు కావడంలోని రహస్యం ఇదే. ఇడ్లీపిండి పులిసేదీ ఈ జీవుల వల్లనే. గోంగూర పచ్చడి ఏడాదిపాటు నిలవ ఉండేది మాత్రం వాటిని అదుపులో పెట్టడం వల్ల. ఉప్పు ఎక్కువైనచోట కణంలోని నీరు త్వచం దాటి బయటికి వచ్చేస్తుంది. నీరు లేని కణం పెరగలేదు. మన అమ్మలకు ఈ శాస్త్రం పేరు తెలియకపోయినా పద్ధతి తెలుసు.

ఇప్పుడు పత్తిచేలోకి వద్దాం. పురుగు సూక్ష్మజీవి కాదు. కాని నేను మొదట చెప్పిన న్యాయం మన కళ్ళముందు రుజువైంది అక్కడే. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త మందులు వచ్చాయి. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. దాంతో పిచికారీలకు లెక్క లేకుండా పోయింది. పురుగుతోపాటు, పురుగును తినే మిత్రకీటకాలు కూడా చచ్చాయి. తెల్లదోమ విజృంభించింది. ఆ వెనుకే శనగపచ్చ పురుగు. 1987 పంటకాలంలో మన రాష్ట్రంలో పట్టిన శనగపచ్చ పురుగులను పరీక్షిస్తే ఆ మందులను తట్టుకునే శక్తి వాటికి వచ్చిందని తేలింది. వేసిన మందుకు అప్పు మిగిలింది, పురుగు చావలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కొందరు పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ రోజుల్లో మండల కార్యాలయాల్లో పనిచేసిన మిత్రులు ఈ సభలోనే చాలామంది ఉన్నారు. పంట నష్టాల పట్టికలు రాసినవారికి నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

తరువాత వచ్చింది బీటీ. బీటీ అంటే ఒక బాక్టీరియా పేరు: బాసిల్లస్ తురింజియెన్సిస్. జర్మనీలోని తురింజియా ప్రాంతంలో 1911లో వర్ణించారు గనుక ఆ పేరు. మట్టిలో ఉంటుంది. అది తయారుచేసే ఒక ప్రోటీను గొంగళిపురుగు పేగులోని క్షారంలో కరిగి, పేగు కణాల త్వచానికి అతుక్కుని చిల్లులు పెడుతుంది. గేటు విరిగిన ఆఫీసు ఏమవుతుందో ఊహించుకోండి. పురుగు తిండి మాని చస్తుంది. అది అతుక్కునే చోటు మన పేగు కణాల్లో లేదు. ఈ ప్రోటీను రాసి ఉన్న పేజీని బాక్టీరియా రిజిస్టరు నుంచి తీసి పత్తి కణం రిజిస్టరులో చేర్చారు. అదే బీటీ పత్తి. మన దేశంలో 2002 మార్చిలో అనుమతించారు. 2006లో రెండు పేజీలు చేర్చిన రకం వచ్చింది.

కాయతొలుచు పురుగుల మందు ఖర్చు మొదట్లో బాగా తగ్గింది, నిజమే. కాని శాస్త్రవేత్తలు ఒక షరతు పెట్టారు. 450 గ్రాముల బీటీ విత్తనంతో 120 గ్రాముల మామూలు విత్తనం ప్యాకెట్టు ఇచ్చి, చేను చుట్టూ వేయమన్నారు. అక్కడ పెరిగిన మామూలు పురుగులు, బీటీని తట్టుకున్న ఏ ఒకటి రెండింటితోనో జతకడితే తట్టుకునే గుణం పలచబడుతుందని ఆశ. చాలామంది ఆ చిన్న ప్యాకెట్టును పారేశారు. గింజ దండగ అనుకున్నారు. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీరంగు పురుగు మొదటి రకాన్ని తట్టుకుంటున్నదని బయటపడింది. తరువాత రెండో రకాన్నీ తట్టుకుంది. అందుకే నేడు మళ్ళీ లింగాకర్షక బుట్టలు కట్టండి, పంటను సాగదీయకుండా తీసేయండి, మోళ్ళు పీకేయండి అని చెబుతున్నారు.

మిరప కథ వేరు. అక్కడ శత్రువు బూజు. ఆస్పర్జిల్లస్ అనే బూజు తడి తగిలిన కాయల్లో చేరి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుశనగ పిండి తిని లక్ష సీమకోళ్ళు చచ్చినప్పుడు దీని జాడ తెలిసింది. ఇది కాలేయానికి క్యాన్సర్ తెచ్చే విషం. వంట వేడికి పోదు. ఐరోపా దేశాలు మిరపలో కిలోకు 10 మైక్రోగ్రాములు మించితే సరుకు తీసుకోవు. అంటే క్వింటాలుకు ఒక మిల్లీగ్రాము! కల్లంలో మంచు పడ్డ కాయ, నీళ్ళు చల్లి తూకం పెంచిన కాయ, తాలుకాయతో కలిపేసిన కాయ యార్డులో చెల్లుబాటు కావచ్చు, కడుపులో కాదు. ఇంట్లోకి ఏడాది కారం పట్టించేటప్పుడు కాయ గలగలలాడేలా ఎండిందో లేదో చూసి, నల్లబడ్డవి, బూజువాసన వేసేవి ఏరి పారేయండి. కడిగినా, వేయించినా ఆ విషం పోదు.

చివరిగా, మన వయసువారికి అన్నిటికన్నా ముఖ్యమైనది మందుబిళ్ళ. 1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. అది బాక్టీరియాను తన చుట్టూ ఉన్న గోడ కట్టుకోనివ్వదు. మన కణానికి గోడే లేదు కాబట్టి మనకు హాని తక్కువ. పిల్లలూ, ఆ తేడా ఇక్కడ పనికొచ్చింది, చూశారా? సుబ్బారావుగారు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థలో డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి వెల్లడైంది. డగ్గర్ అప్పటికే విశ్వవిద్యాలయం నుంచి రిటైరైనవాడు, డెబ్బై దాటినవాడు. పెన్షనర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి!

కాని పత్తిచేలో జరిగిందే ఇక్కడా జరుగుతున్నది. మోతాదు తక్కువైతే సూక్ష్మజీవులు తట్టుకోవడం నేర్చుకుంటాయని ఫ్లెమింగే 1945లో హెచ్చరించాడు. పైగా పురుగుకు లేని సౌకర్యం బాక్టీరియాకు ఉంది. తట్టుకునే విద్య రాసిన చిన్న డి.ఎన్.ఏ. వలయాన్ని అది పక్క బాక్టీరియాకు అందించగలదు. ఒక ఆఫీసు సర్క్యులర్ అన్ని ఆఫీసులకూ చేరినట్టు. రేపు మనకు న్యుమోనియా వచ్చినా, మనవరాలికి కాన్పులో జ్వరం వచ్చినా, మందు పనిచేయని రోజు రావచ్చు.

కనుక మిత్రులకు నా మనవి ఇది. జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. వాటిమీద ఆంటీబయాటిక్ పనిచేయదు, అడగకండి. బిళ్ళల అట్టమీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వాడవద్దని అర్థం. రెండు రోజులకే జ్వరం తగ్గిందని మీరే ఆపేయకండి. డాక్టరు చెప్పినన్ని రోజులు వాడండి, ఆయన ఆపమంటే ఆపండి. మిగిలిన బిళ్ళలు పక్కింటాయనకు ఇవ్వడం ఉపకారం కాదు. క్షయకు ఆరు నెలలంటే ఆరు నెలలే.

పత్తిచేలో ఆ చిన్న ప్యాకెట్టును పారేసినందుకు మన రైతులు ఎంత చెల్లించారో చూశాం. మందుల డబ్బా దగ్గర ఆ బాకీ మన మనవల మీద పెట్టకుండా ఉందాం.