అర్జీల మీద అర్జీలు రాస్తూ గడువు పోగొట్టుకోకండి



యువజన కూడికలో ఈ రిటైరైన గుమాస్తాకు ఏం పని అని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. మీలో చాలామంది సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. మిగతావాళ్ల ఇళ్లల్లో ఒక నర్సమ్మో, రైల్వేలో పనిచేసే నాన్నో, కానిస్టేబుల్ అన్నో ఉన్నారు. ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్లు మనకు బోలెడు మంది. వచ్చిన ఉద్యోగంలో అన్యాయం జరిగితే ఎవరి దగ్గరికి, ఎన్నాళ్లలోగా వెళ్లాలో చెప్పేవాళ్లే తక్కువ.

నా సంగతే చెబుతాను. బళ్లారి వైపు ఒక ఆఫీసులో నేను ఎస్‌డీఏగా ఉన్నప్పుడు, నా తర్వాత చేరినవాళ్లకు ప్రమోషన్ వచ్చింది. సీనియారిటీ జాబితాలో నా పేరు కిందికి జారింది. అర్జీ పెట్టాను, జవాబు లేదు. మళ్లీ పెట్టాను. అధికారి మారారు, కొత్తాయనకు మొదటినుంచి రాశాను. ఇలా ఆరేళ్లలో తొమ్మిది అర్జీలు. చివరికి ట్రిబ్యునల్‌కు వెళితే నా పేరు ఎందుకు జారిందన్న సంగతి దాకా విచారణ రానేలేదు. ఇన్నేళ్లు ఎందుకు రాలేదని అడిగారు. తొమ్మిది అర్జీల కట్ట చూపించాను. అది నా ఓపికకు సాక్ష్యం అనుకున్నాను, నా ఆలస్యానికి సాక్ష్యమైంది. కేసు కొట్టేశారు. ఆ ప్రమోషన్ మీద రావలసిన పింఛను తేడా నాకు ఇప్పటికీ నెలనెలా గుర్తుకొస్తుంది.

చట్టం ఏమంటుందో తర్వాత చదువుకున్నాను. ముందే చదవాల్సింది. అది 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం. జీతం, ప్రమోషన్, సీనియారిటీ, సస్పెన్షన్, శిక్ష, పింఛను, ఇలాంటి ఉద్యోగ వివాదాలన్నీ ఈ ట్రిబ్యునళ్లు వింటాయి. అయితే నేరుగా అక్కడికి పోకూడదు. ముందు మన శాఖలోనే, నిబంధనలు చెప్పిన పై అధికారికి అప్పీలు పెట్టుకోవాలి. రైల్వేలోనూ, కేంద్ర సివిల్ నిబంధనల కిందా శిక్ష ఉత్తర్వు మీద అప్పీలుకు 45 రోజులు గడువు. రాష్ట్రాల నిబంధనలు వేరు, కాబట్టి ఉత్తర్వు చేతికి వచ్చిన రోజే మీ శాఖ రూల్సు పుస్తకం తెరవండి.

ఇక అసలు లెక్క. అప్పీలు మీద తుది ఉత్తర్వు వస్తే, ఆ రోజు నుంచి ఏడాదిలోగా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ఉత్తర్వు రాకపోతే? ఆరు నెలలు చూడాలి. ఆరు నెలలు నిండిన రోజు నుంచి ఏడాది లెక్క మొదలవుతుంది. అంటే మౌనంగా ఉన్న అధికారి కోసం మీరు కాచుకోగలిగింది మొత్తం పద్దెనిమిది నెలలే. రెండో అర్జీ, మూడో అర్జీ పెట్టినంత మాత్రాన ఆ గడియారం వెనక్కి తిరగదు. ఈ మాట సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 1989లోనే చెప్పింది. గవర్నరుకు మహజరు పంపి దాని జవాబు కోసం ఎదురుచూడడమూ అంతే. బలమైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. కానీ "పై అధికారి చూస్తానన్నారు" అనేది బలమైన కారణం కాదు. నేను చెప్పి చూశాను.

తమిళనాడు గనుల శాఖ ఉద్యోగి ఒకరిని 1982లో తీసేశారు. ఆయన 2000లో అర్జీ పెట్టారు. శాఖ దాన్ని తిరస్కరించింది. ఆ తిరస్కరణ పట్టుకుని కోర్టుకెక్కితే, పాత వివాదానికి కొత్త జవాబు వచ్చినంత మాత్రాన అది కొత్తది కాదని 2008లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

జీతం తక్కువగా కట్టడం లాంటి వాటిలో కొంత వెసులుబాటు ఉంది. ప్రతి నెలా తప్పు మళ్లీ జరుగుతుంది కాబట్టి ఆలస్యమైనా వింటారు. అప్పుడు కూడా బకాయిలు సాధారణంగా మూడేళ్లకే పరిమితం చేస్తారు.

మనం ఐదు చోట్ల ఉన్నాం గనుక ఎవరు ఎక్కడికి పోవాలో కూడా చెప్పాలి. కేంద్ర ఉద్యోగులు, రైల్వేవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు, అంటే క్యాట్‌కు వెళ్లాలి. ఒడిశావాళ్లకు కటక్ బెంచి. యానాం పుదుచ్చేరి పాలనలోది కాబట్టి అక్కడి ప్రభుత్వ ఉద్యోగులకూ క్యాటే, మద్రాసు బెంచి. కర్ణాటక ఉద్యోగులకు రాష్ట్ర ట్రిబ్యునల్ బెంగళూరులో ఉంది, బెళగావిలో, కలబురగిలో బెంచీలున్నాయి. మహారాష్ట్రకు ముంబయి, నాగ్‌పూర్, ఔరంగాబాద్. తమిళనాడు, ఒడిశా తమ ట్రిబ్యునళ్లను ఎత్తేశాయి. ఒడిశా రద్దు సరైనదేనని 2023లో సుప్రీంకోర్టు కూడా అన్నది. ఆ రెండు రాష్ట్రాల ఉద్యోగులు ఇప్పుడు హైకోర్టులో రిట్ వేసుకోవాలి. రిట్‌కు ఏడాది అన్న గీత లేదు గాని, అక్కడా ఆలస్యం చేసినవాడిని చిన్నచూపే చూస్తారు.

మన మిషన్ బడుల టీచర్లు నన్ను తరచూ అడుగుతారు. ఎయిడెడ్ బడి టీచరు ప్రభుత్వోద్యోగి కాదమ్మా, మీ దారి వేరు. కర్ణాటకలో ప్రైవేటు విద్యాసంస్థ మిమ్మల్ని తీసేసినా, హోదా తగ్గించినా మూడు నెలల్లోగా విద్యా అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవాలి. కాంట్రాక్టరు కింద పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు ముందు కార్మిక శాఖను అడగండి.

ఖర్చు గురించి భయపడతారు. క్యాట్‌లో దరఖాస్తు ఫీజు 50 రూపాయలు. వకీలు లేకుండా మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. ఒకే కారణంతో నష్టపోయిన పదిమంది అనుమతి తీసుకుని ఒకే దరఖాస్తు వేయవచ్చు. చిక్కు కేసైతే మాత్రం సర్వీసు వ్యవహారాలు తెలిసిన వకీలును చూసుకోండి, భూమి కేసులు చేసే మామయ్య చాలడు. అక్కడ ఓడిపోతే హైకోర్టు డివిజన్ బెంచికి పోవచ్చు, 1997 నుంచి ఆ దారి ఉంది. బదిలీ కేసుల్లో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. నిబంధన మీరారనో, కక్షతో చేశారనో చూపించగలిగితేనే కోర్టులు కలగజేసుకుంటాయి.

"పై అధికారుల మీద కేసా? దేవునికి వదిలేద్దాం" అంటారు మన పెద్దలు. నేనూ అన్నాను. పౌలు మాత్రం ఫేస్తు ముందు నిలబడి, రోమా పౌరుడిగా తనకున్న హక్కు వాడుకుని కైసరుకు అప్పీలు చేసుకున్నాడు. ఎవరికి చెప్పుకోవాలో, ఎప్పుడు చెప్పుకోవాలో ఆయనకు తెలుసు.

ఈ రోజు నుంచి ఒక పని చేయండి. ఏ అర్జీ ఇచ్చినా నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ముద్ర వేయమంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. నియామక ఉత్తర్వు, సీనియారిటీ జాబితాలు, ఇంక్రిమెంటు ఉత్తర్వులు ఒక ఫైల్లో పెట్టండి. అర్జీలో ఏడుపు తగ్గించి, ఏ తేదీన ఏ ఉత్తర్వు వల్ల ఏ రూలు ప్రకారం నష్టం జరిగిందో, ఏం కావాలో ఒక పేజీలో రాయండి. ఆరు నెలలు నిండే తేదీని ఇంటి క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టండి.

భోజనాల తర్వాత నేను తలుపు పక్కన బల్ల దగ్గర కూర్చుంటాను. కాగితాలు తెచ్చినవాళ్లు రండి, ముందు తేదీలు చూద్దాం.