ఋజువు చేయవలసినవాడెవడు?

కాలు విరిగి మంచమున బడిన మనుష్యుని చూచి, "దెబ్బ కంటికెదురుగ కనబడుచునే యున్నది గదా, దీనికి వేరే ఋజువెందుకు?" అని బంధువులు అడుగుట సహజము. న్యాయస్థానమున ఈ ప్రశ్నకు వచ్చు సమాధానము చాలమందికి కఠినముగ తోచును. దెబ్బ తగిలినదనుట ఒక సంగతి. ఆ దెబ్బకు ఎదుటివాడు బాధ్యుడనుట మరియొక సంగతి. మొదటిదానిని శరీరమే చెప్పును. రెండవదానిని మనము చెప్పవలెను. ఈ రెండింటి నడుమనున్న దూరము తెలియకనే న్యాయమైన దావాలు కొన్ని వీగిపోవుచున్నవి. ఈ పూట శ్రోతలకు ఆ దూరమును గూర్చి, అనగా ఋజుభారమును గూర్చి, నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

1872 నాటి సాక్ష్య చట్టము స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. సెక్షన్ల సంఖ్యలు మారినవి గాని, ఈ విషయమున సూత్రము మారలేదు. ఒక హక్కును కోరి వచ్చినవాడు ఆ హక్కునకు ఆధారమైన సంగతులను తానే ఋజువు చేయవలెనని 104వ సెక్షను చెప్పుచున్నది. 105వ సెక్షను ఇంకను సులువైన పరీక్షను చూపుచున్నది: ఉభయపక్షములును నోరు మెదపక, ఒక్క సాక్షినైనను పిలువక కూర్చున్నయెడల ఎవడు ఓడిపోవునో, భారము వానిది. గాయపడినవాడు దావా వేసి మౌనముగ కూర్చున్నయెడల ఓడువాడు వాడే. కనుక భారము వానివద్దనే మొదలగును. "మొదలగును" అను మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. అది అక్కడనే స్థిరముగ నిలిచిపోదు.

వాది చూపవలసినది స్థూలముగ ఇది: ఎదుటివాడు తగు జాగ్రత్త వహింపవలసినవాడు, వహింపలేదు, అందుచేతనే దెబ్బ తగిలినది, దానివలన ఇంత నష్టము కలిగినది. బండి తోలువాడు దారినపోవువారిపట్ల జాగ్రత్తగ నుండవలెననుటకు పెద్ద వాదమక్కరలేదు. పోరాటమంతయు తక్కిన మూడింటిచుట్టును జరుగును.

ఎంత ఋజువు కావలెను? బంగారము తూచు త్రాసు వేరు, కూరగాయలు తూచు త్రాసు వేరు. క్రిమినలు కేసులో సహేతుకమైన సందేహమునకు తావు లేకుండ నేరము ఋజువు కావలెను; అది కంసాలి త్రాసు. నష్టపరిహారపు దావాలో తక్కెడ ఏ ప్రక్కకు మొగ్గినదో చూచిన చాలును. ఈ భేదము తెలియక, "డ్రైవరుపై పోలీసులు పెట్టిన కేసు కొట్టివేసిరి, ఇంక మనకు ఆశ యేమి?" అని ఇంటికి తిరిగిపోవువారున్నారు. ఇది తొందరపాటు. చీకటిపడిన తరువాత ఒక బస్సు వ్రేలాడుచున్న హైటెన్షను తీగను తాకగా 26 మంది ప్రమాదమునకు గురియై, అందులో 8 మంది తత్క్షణమే మరణించిరి. క్రిమినలు కేసులో డ్రైవరు విడుదలయ్యెను గనుక పరిహారము చెల్లింపనక్కరలేదని బస్సు యజమానులు వాదించిరి. 1980లో సుప్రీంకోర్టున జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యరు ఆ వాదమును త్రోసిపుచ్చిరి. ప్రమాదము జరిగిన తీరును అణువణువునను ఋజువు చేయుట బాధితులకు సాధ్యము కాకపోవచ్చుననియు, సంభావ్యత యెటు మొగ్గినదో చూడవలెననియు 2009లో హిమాచలప్రదేశపు బస్సు కేసులో అదే న్యాయస్థానము చెప్పినది.

ఇక భారము చేతులు మారు సందర్భము. ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున ఒకడు వీధివెంట పోవుచుండగా, పిండి వర్తకుని మేడమీదినుండి పిండిపీపా యొకటి జారి వానిపై పడినది. పీపా ఎందుకు పడినదో, ఎవరు జారవిడిచిరో వానికి తెలియదు. మరి వర్తకుని అజాగ్రత్తను వాడెట్లు ఋజువు చేయును? మొదటి విచారణలో వాని దావా వీగిపోయినది. 1863లో పై న్యాయస్థానము దానిని మరల నిలబెట్టెను. పీపాలు తమంతట తాము కిటికీలనుండి దూకవు. అది పడుటయే అజాగ్రత్తకు సాక్ష్యము. కాదని చెప్పదలచిన వర్తకుడే కారణము చూపవలెను. "రెస్ ఇప్సా లాక్విటర్" అను లాటిను మాట, అనగా జరిగిన సంగతియే స్వయముగ పలుకునని చెప్పు నియమము, ఈ కేసుతో ప్రసిద్ధికెక్కినది.

మన దేశమున దీనికి సాటియైనది ఢిల్లీ చాందినీచౌకులోని గడియారపు స్తంభము కేసు. స్తంభము కూలి మనుష్యులు మరణించిరి. అది 80 ఏండ్లనాటి కట్టడము. అందు వాడిన సున్నమునుబట్టి దాని ఆయుర్దాయము 40, 45 ఏండ్లు మాత్రమే. లోపము పైకి కనబడలేదని మునిసిపాలిటీవారు చెప్పిన సమాధానమును 1966లో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. కట్టడము వారి అధీనమున నున్నది. దాని బాగోగులు వారికి తెలియవలెను. సంజాయిషీ వారే చెప్పుకొనవలెను. ఒకనికి మాత్రమే ప్రత్యేకముగ తెలిసియున్న సంగతిని ఋజువు చేయు భారము వానిదేయని నేటి చట్టములోని 109వ సెక్షను చెప్పుటయు ఇట్టి న్యాయమే. బాధితుని తప్పు కూడ కలదని వాదించు ప్రతివాది ఆ తప్పును తానే ఋజువు చేయవలెను.

ఆసుపత్రుల విషయమున కొంత మెలకువ అవసరము. రోగి కోలుకొననంతమాత్రమున వైద్యుడు అజాగ్రత్తపరుడు కాడు. అట్లని ప్రతి కేసులోను మరియొక వైద్యుని సాక్ష్యము తెచ్చితీరవలెననుటయు సరికాదు. హైదరాబాదునుండి వెళ్లిన ఒక కేసులో, మలేరియా జ్వరముతో వచ్చిన రోగికి టైఫాయిడుకు చికిత్స చేసిరి. నిపుణుల సాక్ష్యము అన్ని కేసులందును అనివార్యము కాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, జిల్లా ఫోరము ఇప్పించిన పరిహారమును నిలిపినది. మన తోటి వైద్యునిపై సాక్ష్యము చెప్పుటకు ముందుకు వచ్చు వైద్యులెందరో శ్రోతలే యూహింపవచ్చును.

తప్పును చూపనక్కరలేని తావులును కలవు. వర్షపు రాత్రి సైకిలుపై ఇంటికి పోవుచు తెగిపడిన కరెంటుతీగ తగిలి ఒకడు మరణించగా, ప్రమాదకరమైన వస్తువును నడుపు విద్యుత్తు బోర్డే బాధ్యురాలని 2002లో తీర్పు వచ్చినది. మోటారు వాహనముల చట్టములోని 164వ సెక్షను క్రింద, ఎవరి అజాగ్రత్తయు చూపకయే, మరణమునకు 5 లక్షల రూపాయలు, తీవ్రమైన గాయమునకు 2 లక్షల 50 వేలు కోరవచ్చును. అంతకు మించి కోరువారు 166వ సెక్షను క్రింద తప్పును చూపవలెను.

కాని నష్టమెంత అను ప్రశ్న వచ్చినప్పుడు భారము మరల బాధితుని భుజముపైకే వచ్చును. చాల దావాలు చిక్కిపోవునది ఇక్కడనే. చేయి పోయిన ఇద్దరికి వైద్యుడు ఒకే శాతము వైకల్యమని వ్రాయవచ్చును. ఆఫీసులో గుమాస్తా ఉద్యోగము నిలువవచ్చును, మగ్గమున కూర్చుండు నేతగాని బ్రదుకు ఆగిపోవును. చూడవలసినది సంపాదనాశక్తిలోని నష్టమని 2011లో సుప్రీంకోర్టు చెప్పినది. అందుకు సర్టిఫికెట్టు దాఖలు చేసినంతమాత్రమున చాలదు. చికిత్స చేసిన వైద్యుడో, పరీక్షించి వైకల్యమును నిర్ణయించిన వైద్యుడో వచ్చి ఎదుటివారి ప్రశ్నలకు జవాబు చెప్పవలెను. మందుల రసీదులు, ఆసుపత్రినుండి పంపివేయునప్పుడు ఇచ్చు కాగితము, ఎక్స్‌రేలు మొదటి దినమునుండియు ఒకచోట దాచవలెను. సంవత్సరము తరువాత వెదకిన దొరకవు. కూలివానికి జీతపు చీటీ యెక్కడిది అందురా? ఆ సంగతియు న్యాయస్థానము ఎరుగును. నెలకు 4,500 రూపాయలు సంపాదించుచుంటినని ఒక కూలి చెప్పగా, ట్రిబ్యునలు దానిని 3,000కు తగ్గించినది. కూలివానివద్ద కాగితములుండవనియు, అతడు చెప్పిన మొత్తము అసంభావ్యము కాదనియు, అదే 2011లో సుప్రీంకోర్టు ఆ 4,500 రూపాయలనే లెక్కలోనికి తీసుకొన్నది.