పోయిన పంక్తిని వెదకుట

తాళపత్రములతోఁ బనిచేసినవారికి నొక బాధ చిరపరిచితము. ఒకే పద్యము రెండు ప్రతులలో రెండు విధములుగా నుండును. కవి వ్రాసినది యేది? లేఖకుఁడు దిద్దినది యేది? ఎప్పుడు దిద్దెను? ఏల దిద్దెను? ఆకు పలుకదు. వ్యాకరణమును, ఛందస్సును, తన యూహను నమ్ముకొని పండితుఁడు తీర్పు చెప్పవలసినదే. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికి నేఁ డీ బాధ చాలవఱకుఁ దీఱినది. వెదకు విధ మెఱుఁగనివానికి మాత్రము తీఱనట్లే. ఇది నాకుఁ దెలిసివచ్చిన తీరును మనవి చేసెదను.

నా పూర్వశిష్యుఁ డొకఁడు పద్యముల గణయతిప్రాసములను బరీక్షించు ప్రోగ్రాము వ్రాయుచున్నాఁడు. లక్షణములు సమకూర్చుట నా వంతు. అతనికిఁ దోడు మఱియొక చిన్నవాఁడు. మువ్వురమును గిట్ అను సాధనముతోఁ బనిచేయుదుము. లైనక్స్ కెర్నెల్ పని నిమిత్తమై లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీనిని నిర్మించెను. (ఇట్టివి క్రొత్తవి కావు. బెల్ లాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ 1972లోనే యొకటి చేసియుండెను.) ఫైలునందలి ప్రతి మార్పును, చేసినవాని పేరు, కాలము, కారణముఁ దెలుపు చిన్న వాక్యము వీనితోఁ గూడ నిందు భద్రపఱతురు. దానిని కమిట్ అందురు.

ఒకనాఁటి యుదయమున నిర్దుష్టములైన మత్తేభములన్నిటికిని యతిభంగమని ప్రోగ్రాము చెప్పసాగెను. చూడఁగా, మత్తేభమునకు యతిస్థానము 14కు మాఱుగా 13 అని యున్నది! గిట్‌నందు బ్లేమ్ అను నాజ్ఞ కలదు. ప్రతి పంక్తిని గడపట ముట్టినవాఁ డెవ్వఁడో చెప్పును. ఆ మాటకు నింద యని యర్థము. అది చిన్నవాని పేరు చూపెను. ఫోనులో వానిని గట్టిగనే మందలించితిని. ఛందస్సు రానివాఁడు సంఖ్యల జోలికిఁ బోనేల యంటిని. వాఁడు మాఱుపలుకలేదు.

సాయంకాలము పెద్దశిష్యుఁడు వచ్చి, "అయ్యవారూ, బ్లేమ్ కడపటి చేతినే చూపునండి. తప్పు చేసిన చేయి అదియే కానక్కఱలేదు" అనెను. పిమ్మట వేఱొక విధమున వెదకి చూపెను. గిట్ లాగ్ అను నాజ్ఞకుఁ బెద్ద ఎస్ అక్షరమును జేర్చి, కావలసిన మాట నిచ్చినచో, చరిత్రనంతయుఁ ద్రవ్వి, ఏ కమిట్లలో నా మాట యెన్నిమాఱు లున్నదను లెక్క మాఱినదో వానినే యేఱి చూపును. దీనికిఁ బికాక్స్ అని పేరు, గనులు త్రవ్వువారి పనిముట్టు. ఇప్పటి ఫైలులో లేని మాటను గూడ నిది పట్టఁగలదు. బ్లేమ్‌కు ఉన్న పంక్తులే కాని పోయినవి కనఁబడవు. అయినను ఒక చిక్కున్నది. పంక్తిని ఒక ఫైలులోనే యొకచోటినుండి మఱియొకచోటికి జరిపినచో లెక్క మాఱదు గనుక ఇది చెప్పదు. అప్పుడు ఎస్‌కు బదులు పెద్ద జి అక్షరము వాడవలెను. వెదకవలసిన మాటయే తెలియనిచో బైసెక్ట్ కలదు. చరిత్రను సగము సగముగాఁ గోయుచుఁ బోవును. వేయి మార్పులున్నను పదిమాఱుల పరీక్షతోఁ దప్పు బయటఁబడును.

మేము "మత్తేభము, 14" అను మాటలను వెదకితిమి. రెండే కమిట్లు వచ్చినవి. మొదటిది ఆ పంక్తి పుట్టినది. రెండవది పోయినది. చిన్నవాని కమిట్ అందు లేనే లేదు. వాఁడు పంక్తుల మొదటి ఖాళీలను మాత్రము సరిచేసెను. ఖాళీలను లెక్కింపవలదని బ్లేమ్‌కుఁ జెప్పవచ్చును. నే నెఱుఁగక చెప్పలేదు. రెండవ కమిట్‌పై నున్నది నా పేరు. కారణము: "అచ్చుతప్పు సవరణ". శార్దూలపు 13ను మత్తేభమునకు వ్రాసితిని కాఁబోలు. ముప్పదియైదేండ్లు బడిలో మత్తేభలక్షణము చెప్పినవాఁడను! ఏల యట్లు చేసితినో ఆ రెండు మాటలనుబట్టి నాకే తెలియరాలేదు. తాళపత్రలేఖకుని నింక నేమనఁగలను?

చిన్నవానికి ఫోను చేసి, తప్పు నాదని చెప్పితిని. వాఁడు కొంతసేపు తటపటాయించి, "మధ్యాహ్నమే వెదకి చూచితినండి. మీ పేరుండఁగా నేమని చెప్పుదును?" అనెను.

14ను మరల నేనే చేర్చితిని. కారణ మీమాఱు నాలుగు పంక్తులు వ్రాసితిని.