వల దిగిన చేపపిల్లకు ఊపిరి అప్పు

చేపపిల్లలను వల లాగి పట్టి, వెంటనే సంచులకెత్తి పంపుతాం. చెరువు గట్టున చలాకీగా ఉన్న పిల్లలు దారిలో చస్తాయి. నీరు చెడిందా, రోగం సోకిందా అని వెతుకుతాం. చాలాసార్లు అసలు కారణం అలసట.

తాపీగా ఈదే చేపకు మొప్పలు అందించే ప్రాణవాయువు సరిపోతుంది. వలలో పడి గిలగిల కొట్టుకునేటప్పుడు చాలదు. అప్పుడు కండలో దాచుకున్న గ్లైకోజెన్‌ను ప్రాణవాయువు లేకుండానే ఖర్చు చేస్తుంది. కండలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఇది అప్పు చేసి పని గడుపుకోవడం వంటిది. ఆ అప్పు తీరవలెనంటే చేప కదలకుండా ఉన్నా, మామూలుకంటె ఎక్కువ ప్రాణవాయువు కొన్ని గంటలపాటు పీల్చుకోవాలి. సరిగ్గా ఆ గంటల్లోనే మనం దాన్ని ఇరుకు సంచిలో కుక్కుతున్నాం!

1983లో వుడ్, టర్నర్, గ్రాహం అనే శాస్త్రజ్ఞులు రెయిన్‌బో ట్రౌట్ చేపలను 6 నిమిషాలు తీవ్రంగా ఈదించి చూశారు. వాటిలో కొన్ని చచ్చాయి. అయితే అక్కడికక్కడే కాదు. ఎక్కువ భాగం 4 నుంచి 8 గంటల తరువాత చచ్చాయి. ట్రౌట్ చన్నీటి చేప. మన బొచ్చె, శీలావతి పిల్లలకు గంటల లెక్క వేరు కావచ్చు గాని, అప్పు పద్ధతి ఒక్కటే.

ఇంకొక చిక్కు ఉంది. నీరు వేడెక్కిన కొద్దీ ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే. చేప అవసరమేమో వేడితో పెరుగుతుంది.

మరి ఏం చేయాలంటారా? ముందురోజే మేత ఆపండి. మిట్టమధ్యాహ్నం వల వేయకండి. తెల్లవారుజామున కూడా వద్దు, చెరువులో ప్రాణవాయువు అప్పుడే అతి తక్కువ. కాస్త పొద్దెక్కి, నీరు ఇంకా చల్లగా ఉన్నప్పుడే పని ముగించండి. వలను మెల్లగా లాగండి, పిల్లలను పైకెత్తి ఎక్కువసేపు ఉంచకండి. పట్టిన పిల్లలను సన్నగుడ్డ హాపాలో, శుభ్రమైన నీటిలో, పలచగా కొన్ని గంటలు వదలండి. పైనుంచి నీళ్లు చిలకరించండి. అవి నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తున్నంతసేపు సంచి కట్టవద్దు. తేరుకున్నాక మాత్రమే, మూడోవంతు నీరు, మిగతా రెండు వంతులు ఆక్సిజన్ నింపి మూతి బిగించండి.

ఆ కొన్ని గంటల ఓపికే మీ పిల్లలను ప్రాణాలతో చెరువు చేరుస్తుంది.