జలక్రీడ - స్త్రీల వేళ



ప్రబంధములలోని అష్టాదశ వర్ణనములలో జలక్రీడ యొకటి. కావ్యమున నాయిక చెలికత్తెలతో కొలను జొచ్చి యీదులాడును. కాపురమున ఇల్లాలు చెరువుగట్టున బిందె ముంచుకొని వెనుదిరుగును. కాలు జారిననాడు ఆమెను కాచునది పద్యము కాదు, ఈత.

మన పల్లెల ఆడపిల్లలు చదువులకై నగరమునకు పోయి సీతాఫల్‌మండి, తార్నాక ప్రాంతముల నివసించుచున్నారు. చెంతనే 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణము. 2002 జాతీయ క్రీడలకై అచట సైకిలు పందెముల బాట సైతము కట్టిరి. అయినను క్రీడాస్థలము దగ్గర నున్నంతనే క్రీడ దక్కదు. పురుషుల చూపుల నడుమ నీట దిగ జంకు స్త్రీకి తెరచిన తలుపును మూసినట్లే. అందుచేతనే ఈతకొలనులలో స్త్రీలకు ప్రత్యేకమగు వేళ కావలయును.

ఇది పక్షపాతమని కొందరందురు. రాజ్యాంగము 15వ అధికరణమును చూడుడు. ప్రభుత్వధనముతో నడచు బావులు, చెరువులు, స్నానఘట్టముల వాడుకలో మత, కుల, లింగాది కారణములచే ఎవరిని అడ్డరాదని రెండవ ఖండము చెప్పును. స్త్రీలకు, బాలలకు ప్రత్యేకమగు ఏర్పాట్లు చేయవచ్చునని మూడవ ఖండము చెప్పును. రెండును ఒక్క ధర్మమే.

ఇక లెక్క చూతము. కొలను దినమునకు 12 గంటలు తెరచి, స్త్రీలకు మిట్టమధ్యాహ్నము ఒక గంట యిచ్చిరనుకొనుడు. సగము జనమునకు పండ్రెండవ పాలు! అదియు ఇల్లాలు పొయ్యికడను, విద్యార్థిని తరగతిలోను ఉండు వేళ. చిట్టాలో జమ కనబడును. చేతికి పైకము రాదు. ఉదయమో సాయంత్రమో అనువైన వేళ నిచ్చి, నేర్పుటకును కాపుండుటకును స్త్రీలనే నియమింపవలయును.

అట్లని ఆ వేళ గోడ కారాదు. 1912 స్టాక్‌హోం ఒలింపిక్సులో తొలిసారి స్త్రీలకు ఈతపందెములు పెట్టిరి. పురుషుల యెదుట పోటీ చేయరాదను స్త్రీసంఘపు నియమము ఆస్ట్రేలియా యువతి ఫానీ డురాక్‌కు అడ్డు నిలిచెను. ప్రజలు పట్టుబట్టగా అది సడలెను. ఆమె 100 మీటర్ల పందెము గెలిచెను. నడివయస్సున ఈత నేర్చిన తెలుగు మహిళ గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకనుండి ధనుష్కోటివైపు పాక్ జలసంధిని ఈదినది.

1935లో పాతూరి నాగభూషణంగారు పడవపై గ్రంథములు పంపి, రాలేని పాఠకులకడకు గ్రంథాలయమునే నడిపించిరి. క్రీడకును అదియే ధర్మము. ఈ వేసవిలో మన చెరువున వారమునకు రెండు సాయంత్రములు స్త్రీలకు విడిచి, ఈత వచ్చిన తల్లులచే ఆడపిల్లలకు నేర్పించినచో, రజతోత్సవము చేసికొన్నందుకు ఊరికి నిలుచు ఫలము దక్కును.